బ్రాజావిల్ యుద్ధం: నింజాలు అసలు ఎవరి వైపు?

గుణదల_అభ్యర్థి:
గ్రూప్-1కి నోట్సు రాసుకుంటుంటే కాంగో రిపబ్లిక్ (రాజధాని బ్రాజావిల్) అంతర్యుద్ధాల దగ్గర బుర్ర తిరిగిపోతోందండీ. 1993లో నింజాలు, కోబ్రాలు అనే ప్రైవేటు సేనలు ఒకవైపు. 1997కి వచ్చేసరికి ఎదురెదురు. ఒక మెటీరియల్లో కబీలా పేరు కూడా కలిపేశారు. ఎవరు ఎవరి మనుషులు?

బ్రాడీపేట_మాస్టారు:
ముందు కబీలాను కొట్టేయండి, ఆయన అవతలి కాంగో (డెమోక్రటిక్ రిపబ్లిక్) తిరుగుబాటు నేత. బెజవాడకి కృష్ణ అవతల తాడేపల్లి ఉన్నట్టు బ్రాజావిల్‌కి నది అవతల కిన్షాసా. కాకపోతే అవి రెండు దేశాల రాజధానులు, మధ్యన వంతెన లేదు. కబీలా కిన్షాసా పట్టుకున్నది 1997 మే 17న, ఇవతల కాల్పులు మొదలైంది జూన్ 5న. కలగాపులగం అయ్యేది అక్కడే.

ఈ సేనలన్నీ రాజకీయ నాయకులవే. జులూలు, కొకోయిలు లిసూబా మనుషులు. నింజాలు కొలేలాస్‌వాళ్లు, రాజధాని చుట్టూ ఉన్న పూల్ ప్రాంతం. కోబ్రాలు ఉత్తరాదివాడైన సాసూవాళ్లు. 1992 అధ్యక్ష ఎన్నికలో లిసూబా గెలిచాడు, కొలేలాస్ రెండు. 1979 నుంచి ఏలిన సాసూ మూడో స్థానంలో పడ్డాడు. ఆ ఓడిన ఇద్దరూ చేతులు కలిపారు, మీ 1993 లెక్క అదీ.

కృష్ణలంక_రవి:
1993 పార్లమెంటు ఎన్నికల ఫలితాల మీద గొడవ, పేటలు పంచుకునేదాకా వెళ్లింది. బ్రాజావిల్‌లోని బకోంగో, మకెలెకెలె పేటల్లో నింజాలు లిసూబా ప్రాంతాలవాళ్లను తరిమేశారు. మ్ఫిలూ పేటలో జులూలు కొలేలాస్ తెగవాళ్లయిన లారీలను తరిమేశారు. (లారీ అంటే తెగ, ఆటోనగర్ లారీ కాదు!)

1997లో జూలై 27న ఎన్నిక జరగాలి. జూన్ 5న ప్రభుత్వ సైన్యం ఎంపిలాలోని సాసూ ఇంటిని చుట్టుముట్టింది, కోబ్రాలు తిరగబడ్డారు. అప్పటికి నగర మేయరైన కొలేలాస్ మొదట్లో మధ్యవర్తిగా ఉన్నాడు. సెప్టెంబరులో లిసూబా ఇచ్చిన ప్రధాని పదవి తీసుకున్నాడు. నింజాలు అటు మారింది అందుకే, సిద్ధాంతం ఏమీ లేదు. అక్టోబరులో సాసూ తరఫున పొరుగుదేశం అంగోలా సైన్యం దిగింది. తన శత్రువులైన యూనిటా తిరుగుబాటుదారులకు, తన కబిండా ప్రాంతపు వేర్పాటువాదులకు లిసూబా అండగా ఉన్నాడని దానికి కోపం. అక్టోబరు 25న సాసూ ప్రమాణస్వీకారం.

గుణదల_అభ్యర్థి:
అయితే 1997తో ముగిసిందని రాసేయొచ్చా మాస్టారూ?

బ్రాడీపేట_మాస్టారు:
రాస్తే తప్పవుతుంది. 1998 డిసెంబరులో సాసూ సర్కారు మీద తిరగబడి నింజాలు దక్షిణ బ్రాజావిల్‌లోకి చొరబడ్డారు, బకోంగో ఖాళీ అయిపోయింది. పాయింట్ నోయిర్ రేవు నుంచి రాజధానికి 510 కిలోమీటర్ల రైలు మార్గం పూల్ మీదుగానే పోతుంది. అక్కడ పట్టాలు ఆగితే రాజధానికి సరుకు ఆగుతుంది. 1999 చివర్లో ఒప్పందాలయ్యాయి, కానీ పాస్టర్ న్టుమి వర్గం నింజాలు 2003 మార్చిదాకా దిగిరాలేదు. 2016లో పూల్ మళ్లీ రాజుకుంది, 2017 డిసెంబరులో ఇంకో ఒప్పందం. మ్యాపులో పూల్‌ని, ఆ రైలు గీతని ఒకే రంగుతో గీసుకోండి.