పాత యమహా ఆర్15 బైక్‌కి వెనక మోనోషాక్ (ఒంటి షాక్ అబ్జార్బర్) మార్చాలా, ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ పైపుల జత) సంగతేంటి?

అన్నలూ, నాది 2012 ఆర్15 వర్షన్ 2. వెనకాల మనిషి ఎక్కితే గుంతల్లో దబ్బున కూర్చుంటోంది, ముందు బ్రేక్ కొడితే ముక్కు నేలకి దిగిపోతోంది. వైఎస్ఎస్ కంపెనీ మోనోషాక్ వేయిద్దామనుకుంటున్నా. ముందు వర్షన్ 3 ఫోర్క్ పడుతుందంటున్నాడు ఒక మెకానిక్, నిజమేనా?

జవాబు 1
పడుతుంది గానీ ఊరికే దూరిపోదు బ్రో. నీ ఫోర్క్ పైపు సన్నం, వర్షన్ 3ది 41 ఎంఎం, టీ (ఫోర్క్ పైపుల్ని హ్యాండిల్ దగ్గర పట్టుకునే బిగింపు) దగ్గర్నుంచి మార్చుకుంటూ పోవాలి, డబ్బులు దండగ. ముందు ఫోర్క్ ఆయిల్ తీసి చూడు, నల్లగా నీళ్లలా కారితే సగం రోగం అదే. కొత్త ఆయిల్, సీల్స్, అంతే. ఆయిల్ లెవెల్ స్ప్రింగ్ బయటికి తీసి, ఫోర్క్ పూర్తిగా నొక్కి కొలవాలి, చాలామంది గ్లాసుతో అందాజాగా పోసేస్తారు.

జవాబు 2
షాక్ కొనేముందు లింకేజ్ (షాక్‌ని వెనక చక్రం వైపు కలిపే లింకులు) బేరింగులు చూడన్నా, తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎంత ఖరీదైన షాక్ వేసినా అంతే. షాక్ రెండు చివర్ల బోల్టు కన్నాల మధ్య పొడవు కంపెనీ షాక్‌ది ఎంతో అంతే ఉండాలి, పొడుగైతే వెనక లేచి హ్యాండిలింగ్ మారిపోద్ది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ వాలిపోద్ది కూడా.

ప్రశ్న అడిగినవాడు
వెనక చక్రం పైకెత్తే ప్యాడాక్ స్టాండ్ ఉంది, ఇంట్లోనే విప్పొచ్చా?

జవాబు 2
అమ్మో, ఆ స్టాండ్ స్వింగార్మ్‌ని (వెనక చక్రం బిగించే చెయ్యి) పట్టుకుంటది, షాక్ బోల్టు లాగగానే బండి కూలబడుద్ది. ఫ్రేమ్‌ని పైనుంచి తాడుతో వేలాడదియ్యి. బిగించాక నువ్వు కూర్చుంటే వెనక సుమారు 30 ఎంఎం దిగేలా ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) పెట్టుకో.