కొత్త కారు ఇంజన్ ఆయిల్ తాగుతాంది, ఇది నార్మలేనా?

బురుజు_కర్నూలు:
అన్నా, నాది 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు. కొని ఏడాది దాటింది, 11,400 కి.మీ. తిరిగింది. 10,000 సర్వీసులో ఆయిల్ మార్చినారు. అక్కడి నుంచి 1,400 కి.మీ.కే డిప్‌స్టిక్‌లో (ఆయిల్ కొలిచే కడ్డీ) కింది గీతకు దిగింది. కింద చుక్క కారడం లేదు, పొగా కనపడదు. ఎక్కువగా ఊర్లోనే తిప్పుతా, అప్పుడప్పుడు హైదరాబాదుకు. సర్వీస్ సెంటర్లో "వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా నార్మలే, కంప్రెషన్ కూడా బాగుంది" అని పంపించేసినారు. బయట మెకానిక్ 20డబ్ల్యూ50 అనే చిక్కటి ఆయిల్ పోయమంటాండాడు. ఏం చేయాల?

గుత్తి_రోడ్డు:
ముందు కొలత తేల్చుకో. బండి చదునైన చోట ఉండాల. ఇంజన్ వేడెక్కినాక ఆపి 10 నిమిషాలు ఆగు. స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడు. రెండు వైపులా తేడాగా కనిపిస్తే తక్కువున్న వైపే లెక్క. ప్రతిసారీ అదే చోట చూడాల. చాలా కార్లలో రెండు గీతల మధ్య 800 మి.లీ. నుంచి లీటరు పడుతుంది, నీ కారుది మాన్యువల్‌లో ఉంటుంది. పోసే ముందూ పోసినాకా డబ్బాను డిజిటల్ కాటా మీద పెడితే కచ్చితమైన లెక్క వస్తుంది: 100 మి.లీ. అంటే దాదాపు 85 గ్రాములు. పై గీత మాత్రం దాటనీయొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను కింద తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి తీసే బ్రీదర్ గొట్టం గుండా ఇన్‌టేక్‌లోకి (గాలి పోయే దారి) పోయి కాలిపోతుంది.

నువ్వు ఊర్లోనే తిప్పుతా అన్నావు, అది ముఖ్యం. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే, కాలని పెట్రోలు రింగుల పక్క నుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే మరీ ఎక్కువ. అప్పుడు ఆయిల్ తగ్గుతాన్నా స్టిక్ నిండుగానే చూపిస్తుంది. హైదరాబాదు దాకా ఏకబిగిన పోతే ఆ పెట్రోలు ఆవిరై లెవెల్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని లాంగ్ డ్రైవ్ తర్వాత చూసిన లెవెల్‌ను ఇంకో లాంగ్ డ్రైవ్ తర్వాతి లెవెల్‌తోనే పోల్చు. స్టిక్ వాసన కూడా చూడు, పెట్రోలు వాసన వస్తే కలిసినట్టే.

పాలకొండలు_కడప:
"కంప్రెషన్ బాగుంది" అనేది జవాబే కాదు. పిస్టన్‌కు మూడు రింగులు. పై రెండూ కంప్రెషన్‌ను, అంటే సిలిండర్లో నొక్కుకున్న గాలి ఒత్తిడిని, జారిపోకుండా ఆపుతాయి, మూడోది గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. ఈ మూడోది కార్బన్ పట్టి బిగుసుకున్నా, దాని వెనక రంధ్రాలు మూసుకుపోయినా కంప్రెషన్ కొత్త ఇంజన్ లాగే చూపిస్తుంది, ఆయిల్ మాత్రం కాలిపోతుంది.

ఖర్చు తక్కువైన వాటి నుంచి మొదలుపెట్టమను. ఐడిల్‌లో ఆయిల్ మూత ఎత్తినప్పుడు గట్టిగా పీలుస్తా ఈల శబ్దం వస్తే పీసీవీ (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే వాల్వ్) డయాఫ్రమ్ చిరిగిందని అనుమానించాల. టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే లోపల పల్చని జిడ్డు మామూలే, మడుగు కట్టి ఉంటే టర్బో సీల్ చూడాల. తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ తీయించు. ఒక్కటే తడిగా, నల్లగా ఉంటే ఆ సిలిండర్ రింగు గానీ, వాల్వ్ సీల్ (వాల్వ్ కాడ వెంబడి ఆయిల్ దిగకుండా ఆపేది) గానీ పాడైనట్టు. ఆ రంధ్రంలోంచి కెమెరా పెట్టి పిస్టన్ తల చూడొచ్చు.

పొగ పరీక్షకు మా కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్ లాంటి దిగుడు మేలు. యాక్సిలరేటర్ వదిలి గేర్లోనే దిగి, కింద ఒక్కసారి తొక్కు. వెనక కారులో ఉన్నవాళ్లకు నీలం పొగ కనిపిస్తే ఆయిలే. దిగేటప్పుడు ఇన్‌టేక్‌లో వ్యాక్యూమ్ పెరిగి వాల్వ్ గైడ్ల నుంచి ఆయిల్‌ను లాగుతుంది. పొద్దున స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లు మాత్రమే పొగ వస్తే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. పొగ లేదని ధీమా పడొద్దు, కొంచెం పొగను సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ కాల్చేస్తుంది.

20డబ్ల్యూ50 పోయొద్దు. మన ఎండ 44 డిగ్రీలున్నా ఇంజన్లో ఆయిల్ మామూలుగానే 90–110 డిగ్రీల్లో పనిచేస్తుంది, గ్రేడ్ దాన్ని బట్టి పెట్టిందే. చిక్కటిది స్టార్టింగ్‌లో టర్బోకు ఆలస్యంగా చేరుతుంది, వారంటీ ఎగ్గొట్టడానికి వాళ్లకు సాకూ దొరుకుతుంది. మాన్యువల్‌లో పల్చని 0డబ్ల్యూ20తో పాటు కొంచెం చిక్కటి 5డబ్ల్యూ30 కూడా ఉంటేనే మార్చు, అదీ సర్వీస్ సెంటర్లోనే.

పెన్నాగట్టు:
నోటిమాట వదిలేయ్, సర్వీస్ సెంటర్లో జాబ్ కార్డు (ఫిర్యాదు, పని రాసే కాగితం) రాయించు. "1,400 కి.మీ.లో ఆయిల్ కింది గీతకు తగ్గింది" అని కిలోమీటర్ రీడింగుతో సహా ఉండాల. ఆయిల్ కన్సంప్షన్ టెస్ట్ అడుగు: పై గీత దాకా నింపి, డ్రెయిన్ బోల్టుకు, మూతకు, స్టిక్‌కు సీలు వేసి, వెయ్యి కి.మీ. తర్వాత మళ్లీ కొలుస్తారు. మధ్యలో నువ్వు పోస్తే టెస్ట్ చెల్లదు. స్టిక్‌కు సీలు ఉంటుంది కాబట్టి 500 కి.మీ.కు ఒకసారి వాళ్ల దగ్గరే చూపించు. డ్యాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటును నమ్ముకోవద్దు. అది వెలిగేది ప్రెషర్ పడిపోయినప్పుడు. వెలిగిందంటే అక్కడే ఇంజన్ ఆపి, తోయించుకుని పోవాల్సిందే.

బురుజు_కర్నూలు:
టెస్టులో 600 మి.లీ. తగ్గినా "లీటరు లోపే కదా" అంటే?

పెన్నాగట్టు:
అంటారు. ఆ లీటరు మాన్యువల్‌లో ఉందా, వీళ్ల నోట్లో ఉందా చూడు. కొన్ని కంపెనీల మాన్యువల్లో అర లీటరే ఉంటుంది. ఉన్నా సరే, టెస్ట్ రిపోర్టు చేతికి తీసుకో, ప్రతి వెయ్యికీ లెక్క రాసుకో. 400 నుంచి 600, 600 నుంచి 800 అవుతుంటే అది పెరుగుతున్న లోపం, వారంటీ ఉన్నంతలోనే మళ్లీ జాబ్ కార్డు పడాల. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టు. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉండే ఊర్లోనే కేసు వేయొచ్చు, షోరూమ్ హైదరాబాదులో ఉన్నా సరే. గడువు రెండేళ్లు.