గాల్జీలో ముందుకు సాగేది సంచులా, కోశికలా?

సూక్ష్మదర్శిని:
కణంలో ప్రోటీన్లను తీర్చిదిద్ది పంపే గాల్జీ సంక్లిష్టంలో సిస్టర్నాలనే చదునైన సంచులు కదలకుండా ఉంటాయని, కోశికలనే చిన్న పొర బుడగలే ప్రోటీన్లను ఒక సంచి నుంచి మరో సంచికి మోస్తాయని చాలామంది చదువుకున్నాం. ఈ బొమ్మను ఇక మార్చాలి. చర్మం, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ ప్రోటీన్‌కు తొలి రూపమైన ప్రోకొల్లాజెన్ దాదాపు 300 నానోమీటర్ల పొడవున్న గట్టి కడ్డీ. గాల్జీలో కాప్-1 అనే ప్రోటీన్ తొడుగున్న కోశిక వ్యాసం 100 నానోమీటర్లు కూడా ఉండదు. మరి అది ఎలా పడుతుంది? ప్రోకొల్లాజెన్ సిస్టర్నాను వదలకుండానే గాల్జీని దాటుతుందని 1998లోనే చూపారు. అంటే సంచే ముందుకు జరుగుతోంది.

రోహిణి:
ఒక్క పెద్ద సరుకును చూసి అన్నిటికీ అదే దారి అనడం తొందరపాటు. 1980లలో జేమ్స్ రోత్‌మన్ బృందం కణాలను పగలగొట్టి, పరీక్షనాళికలోనే గాల్జీ రవాణాను నడిపించింది. ఒక గాల్జీలోని వైరస్ ప్రోటీన్‌కు మరో గాల్జీలోని ఎంజైము చక్కెరను అతికించింది. కోశికలు మోయకపోతే అది ఎలా సాధ్యం?

సూక్ష్మదర్శిని:
రోహిణి గారూ, ఆ ప్రయోగం కొలిచింది చక్కెర అతుక్కోవడాన్ని మాత్రమే. ప్రోటీన్ ఎంజైము దగ్గరికి వెళ్లినా, ఎంజైమే కోశికలో ప్రోటీన్ దగ్గరికి వచ్చినా ఫలితం ఒకటే. ఇక 2006 సంగతి చూడండి. జపాన్‌లో అకిహికో నకానో బృందం, షికాగోలో బెంజమిన్ గ్లిక్ బృందం విడివిడిగా బతికున్న ఈస్ట్ కణాలను గమనించాయి. గాల్జీ తొలి దశలో ఉండే ప్రోటీన్‌కు ఒక రంగు, మలి దశలో ఉండే ప్రోటీన్‌కు మరో రంగు తగిలించాయి. ఒకే సిస్టర్నా మొదటి రంగు నుంచి రెండో రంగుకు మారింది. స్థిరంగా ఉండే సంచిలో ఇలా జరగదు. ఎంజైములను వెనక్కి చేర్చడమే కాప్-1 కోశికల అసలు పని అని నా నమ్మకం.

భాస్కర్:
రొట్టెల ఈస్ట్‌లో సిస్టర్నాలు దొంతరగా ఉండవు, విడివిడిగా చెదిరి ఉంటాయి. మన కణాల మాటేమిటి? 2008లో జెన్నిఫర్ లిపిన్‌కాట్-ష్వార్ట్జ్ బృందం క్షీరద కణాల్లో గాల్జీ నుంచి సరుకు బయటపడే తీరును కొలిచింది. సంచులే సాగుతుంటే, కొత్తగా వచ్చిన సరుకు చివరిదాకా చేరేవరకు కొంత ఆలస్యం కనిపించాలి. కనిపించలేదు. సరుకు మొదటి నుంచే బయటికి పోతోంది.

సూక్ష్మదర్శిని:
భాస్కర్ గారూ, ఈ అభ్యంతరానికి బలముంది. సంచులు పరిణతి చెందడమొక్కటే దీన్ని వివరించలేదు. సిస్టర్నాలను కలిపే నాళికల గుండా చిన్న ప్రోటీన్లు ముందుగా పోవచ్చు. అయినా కదలని సంచుల బొమ్మను ఇది తిరిగి నిలబెట్టదు.

రోహిణి:
నాళికలను ఒప్పుకున్నాక కోశికలను ఎందుకు కాదంటారు? 1997లో కాప్-1 కోశికల్లోనే ఇన్సులిన్‌కు తొలి రూపమైన ప్రోఇన్సులిన్ కనిపించింది. ముందుకు వెళ్లే ఆ సరుకు అక్కడ ఎందుకు ఉందో ముందు చెప్పండి.