‘పతతీవ భాతి’: భాస్కరుడి శ్లోకంలో గురుత్వ వేగం ఉందా?

ఆకృష్టిశక్తిశ్చ మహీ తయా యత్
ఖస్థం గురు స్వాభిముఖం స్వశక్త్యా
ఆకృష్యతే తత్ పతతీవ భాతి
సమే సమంతాత్ క్వ పతత్వియం ఖే

ఈ శ్లోకం పెట్టి, ‘గురుత్వాకర్షణ కాంతి వేగంతో ప్రయాణిస్తుందని కూడా ఇందులో ఉందట, నిజమేనా?’ అని గుంపులో ఒకరు అడిగారు. లేదండీ. కానీ ఉన్నదే చాలా గొప్పది.

ఇది గణిత, ఖగోళ శాస్త్రవేత్త భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణి అనే గ్రంథం, గోళాధ్యాయంలోది. భూమికి లాగే శక్తి ఉంది. ఆకాశంలో ఉన్న బరువైన వస్తువును (‘గురు’ అంటే ఇక్కడ బరువైనది) ఆ శక్తితో తనవైపుకు లాక్కుంటుంది. అది మనకు ‘పతతి ఇవ’, పడుతున్నట్టు కనిపిస్తుంది. ఆ ‘ఇవ’ దగ్గర కాసేపు ఆగండి. పడటం మనకు తోచే తీరు, జరిగేది లాగడం అంటున్నాడు. నాలుగో పాదం ఇంకా పదునైనది: చుట్టూ ఆకాశం అంతా సమంగా ఉంటే, ఈ భూమి ఎటని పడుతుంది? భూమి కిందికి పడిపోతోందన్నవాళ్లకు ఒక్క ప్రశ్నతో జవాబు!

ఆ లాగుడు దూరంతో ఎలా తగ్గుతుందో, ఎంత వేగంతో చేరుతుందో ఇందులో లేదు. మొదటిదాని లెక్క 1687లో న్యూటన్ ఇచ్చాడు. వేగం సంగతికొస్తే, ఆయన సూత్రంలో కాలానికి చోటే లేదు. సూర్యుడు ఇక్కడ కదిలితే ఆ ప్రభావం అక్కడ తక్షణం తెలిసిపోవాలి. 1805లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ చంద్రుడి గమనాన్ని బట్టి లెక్కగట్టి, గురుత్వానికి వేగమంటూ ఉంటే అది కాంతి కంటే కనీసం 70 లక్షల రెట్లు ఉండాలన్నాడు. ఆలస్యంగా అందే లాగుడు పాత చోటివైపు లాగి కక్ష్యను చెడగొడుతుందని ఆయన వాదం. 1915 నాటి ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో గురుత్వ వేగం కాంతి వేగమే. అయినా కక్ష్యలు చెడవు, ఎందుకంటే వస్తువు వేగాన్ని బట్టి వచ్చే అదనపు ప్రభావాలు ఆ తేడాను దాదాపు పూర్తిగా సరిదిద్దేస్తాయి.

2017 ఆగస్టు 17న దీనికి సాక్ష్యం దొరికింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు (పెద్ద నక్షత్రాలు చనిపోయాక మిగిలే అతి సాంద్రమైన శేషాలు) ఢీకొన్నాయి. ముందు గురుత్వ తరంగాలు (గురుత్వంలో పుట్టి కాంతిలా వ్యాపించే అలలు), 1.7 సెకన్ల తర్వాత కాంతిలోనే ఒక రకమైన గామా కిరణాలు మనకు చేరాయి. అంత దూరం వచ్చినా తేడా అంతే!

— మరి ఐన్‌స్టీన్ లెక్కలో లాగడమే లేదు కదండీ, ‘ఆకర్షణ’ అన్న మాట తీసేయాలా?

మంచి ప్రశ్న. ఐన్‌స్టీన్ దృష్టిలో స్వేచ్ఛగా పడే వస్తువును ఏదీ లాగడం లేదు, అది వంగిన దేశకాలంలో (స్థలం, కాలం కలిసిన అల్లికలో) తన దారిన తాను పోతోంది. అంటే భాస్కరుడు పడటానికి పెట్టిన ‘ఇవ’ను ఈయన లాగడానికి పెట్టాడు: ‘ఆకృష్యత ఇవ’! అయినా బడి పాఠంలోనూ, ఉపగ్రహాల మామూలు లెక్కల్లోనూ న్యూటన్ సూత్రమే వాడతాం కాబట్టి ‘గురుత్వాకర్షణ’ ఉండనివ్వండి. తరంగాల గురించి రాసేటప్పుడు మాత్రం ‘గురుత్వ తరంగాలు’ చాలు.