సికిల్ సెల్ ఉన్న పిల్లవాడికి హైడ్రాక్సీయూరియా: రోజూ ఇవ్వాలా, రోజు విడిచి రోజా?

ప్రశ్న (గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

మా అక్క కొడుక్కి 9 ఏళ్ళు, బరువు 22 కిలోలు. నిరుడు బడిలో జరిపిన రక్తపరీక్షలో సాల్యుబిలిటీ (సికిల్ ఉందేమో చూసే తొలి పరీక్ష) పాజిటివ్ వచ్చింది. ఆ తరువాత చేయించిన హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష) ఎస్ఎస్ అని, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వచ్చిందని తేలింది. ఏడాదిలో నాలుగుసార్లు కాళ్ళ నొప్పులతో దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. మొదట చూసిన పిల్లల వైద్యుడు 500 మిల్లీగ్రాముల హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ రోజు విడిచి రోజు వేయమన్నారు. నాగపూర్ తీసుకువెళ్ళినప్పుడు అక్కడివారు, పరీక్షలు బాగుంటే మెల్లగా పెంచుకుంటూ రోజూ ఒకటి దాకా తీసుకుపోవాలన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. మెడికల్ షాపులో అది క్యాన్సర్ మందు అని ఎవరో చెప్పడంతో మా బావ బెంబేలెత్తిపోయారు. హైదరాబాద్‌లో ఉండే బంధువు ఒకాయన జన్యువునే సరిచేసే చికిత్స వచ్చేసింది కదా, అంతదాకా ఆగండని సలహా ఇచ్చారు. మోతాదు విషయంలో ఇద్దరు వైద్యుల మధ్య ఇంత తేడా ఎందుకు ఉందో, దాని వెనుక ఉన్న పరిశోధనలు ఏమి చెబుతున్నాయో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (చంద్రపూర్‌లో పిల్లల వైద్యురాలు)

మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. రోజు విడిచి రోజు 500 అంటే సగటున రోజుకు 250, అంటే మీ మేనల్లుడి బరువుకు కిలోకు 11 మిల్లీగ్రాముల పైచిలుకు. రోజూ ఒకటి వేస్తే కిలోకు 23కు దగ్గరవుతుంది. మీ వైద్యులిద్దరూ రెండు వేర్వేరు పరిశోధనా ధోరణులను అనుసరిస్తున్నారు, అంతే.

ఈ మందు సికిల్ సెల్, అంటే కొడవలి కణ వ్యాధిలో పనిచేస్తుందని గట్టిగా నిరూపించింది 1995లో వెలువడిన అమెరికా పరిశోధన. అందులో 299 మంది పెద్దవాళ్ళు పాల్గొన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నొప్పుల దాడులు ఏడాదికి 4.5 ఉంటే, మందు వేసుకున్నవారిలో 2.5 ఉన్నాయి (ఇవి మధ్యస్థ విలువలు). ఫలితం అంత స్పష్టంగా ఉండడం వల్ల పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు. అక్కడ మోతాదును, రక్త కణాలు మరీ పడిపోకుండా తట్టుకోగలిగినంత దాకా పెంచుకుంటూ పోయారు. మన దగ్గర దారి వేరుగా మొదలైంది. మధ్య భారతంలోని సికిల్ రోగుల్లో పిండదశలో ఉండే హిమోగ్లోబిన్, అంటే హెచ్‌బీ ఎఫ్, సహజంగానే కాస్త ఎక్కువగా ఉంటుంది. అది ఎక్కువగా ఉంటే ఎర్రకణాలు కొడవలిలా వంకర తిరగడం తగ్గుతుంది. ఈ మందు చేసే ముఖ్యమైన పని కూడా దాన్ని పెంచడమే కనుక, మనవాళ్ళకు తక్కువ మందు చాలునేమో అన్న ఆలోచనతో నాగపూర్‌లో 60 మంది పిల్లల మీద కిలోకు 10 మిల్లీగ్రాముల స్థిర మోతాదును పరీక్షించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల్లోనూ నొప్పులు బాగా తగ్గాయి. మీ మొదటి వైద్యుడి చీటీ వెనుక ఉన్నది ఆ ధోరణే.

అయితే 2020లో యుగాండా నుంచి వచ్చిన ఫలితాలను పక్కన పెట్టలేము. 187 మంది పిల్లల్లో కొందరికి కిలోకు 20 దగ్గర స్థిరంగా ఉంచి, మిగిలినవారికి 30 దాకా పెంచారు. పెంచినవారిలో నొప్పులు, రక్తం ఎక్కించాల్సిన సందర్భాలు, ఆసుపత్రిలో చేరికలు తగ్గాయి. దుష్ఫలితాలు మాత్రం చెప్పుకోదగినంతగా పెరగలేదు. ఆ పరిశోధన కూడా ముందే ఆగింది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. నాగపూర్ వారు 10 మిల్లీగ్రాములను ఉత్తుత్తి మాత్రతో పోల్చారే గాని 20తో పోల్చలేదు. యుగాండాలో తక్కువ అనుకున్న మోతాదేమో మనదానికి రెట్టింపు. కనుక గడ్చిరోలి పిల్లవాడికి ఏది మేలన్నది ఈ రెండింటిలో ఏదీ తేల్చదు. నా వరకు, తక్కువతో మొదలుపెట్టి మూడు నెలలు చూస్తాను. ఏడాదిలో నాలుగుసార్లు చేరిన పిల్లవాడికి అప్పటికీ నొప్పులు ఆగకపోతే పెంచుతాను. ఈ మందు రక్త కణాలను తగ్గించవచ్చు కనుక రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. ల్యాబు మరీ దూరమైన ఊళ్ళలో మాత్రం తక్కువ మోతాదు దగ్గరే ఉంచేస్తే దిగులు ఉండదు.

క్యాన్సర్ మాట నిజమే. కొన్ని రక్త క్యాన్సర్లలో దీన్ని వాడతారు. అంతమాత్రాన ఇది క్యాన్సర్ తెస్తుందని కాదు. సికిల్ రోగులను దశాబ్దాల తరబడి గమనించినా అలాంటి గట్టి ఆధారం దొరకలేదు.

జవాబు 2 (రాజురా నుంచి ఒక తల్లి)

మాస్టారు గారూ, మా అమ్మాయికి 14 ఏళ్ళు, నాలుగేళ్ళుగా ఈ మందు వాడుతోంది. అంతకు ముందు నెలకోసారి బడి మానేది. ఇప్పుడు ఆ బాధ బాగా తగ్గింది. మొదటి ఏడాది పత్తి తీతల రోజుల్లో కూలి పోతుందని రక్తకణాల పరీక్ష వాయిదా వేశాము. తీరా చేయిస్తే తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. రెండు వారాలు మందు ఆపి, మళ్ళీ తక్కువతో మొదలుపెట్టారు. మరొకటి చెప్పాలి. మింగలేకపోతోందని మా అత్తగారు క్యాప్సూల్ విప్పి మజ్జిగలో కలిపి ఇచ్చేవారు. వైద్యులు కోప్పడ్డారు. ఆ పొడి చేతికి తగలకూడదని, ముఖ్యంగా అప్పుడు కడుపుతో ఉన్న మా మరదలు దాని జోలికే వెళ్ళకూడదని చెప్పారు.

జవాబు 3 (రాయగడలో ల్యాబ్ టెక్నీషియన్)

డాక్టరమ్మ గారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. ల్యాబు దూరమైతే తక్కువ మోతాదు దగ్గర ఉంచేస్తే దిగులు లేదన్నారు. తక్కువ మోతాదు మీద ఉన్నవారికి కూడా జ్వరాల కాలంలో కణాలు పడిపోవడం నా చేతి మీదుగా వెళ్ళిన రిపోర్టుల్లో చూశాను. మా వైపు వానాకాలం మలేరియా ఎలా ఉంటుందో తెలిసిందే. పరీక్ష తప్పించుకోవడానికి మోతాదు తగ్గిస్తే పిల్లవాడికి రెండు విధాలా నష్టమే: నొప్పులూ తగ్గవు, ముప్పూ తెలియదు. సీబీసీకి, అంటే రక్తకణాల లెక్క పరీక్షకు, నాగపూర్ దాకా పోనక్కరలేదు. కణాలను లెక్కించే యంత్రం ఇప్పుడు చాలా తాలూకా కేంద్రాల్లో ఉంది. రిపోర్టులో మొత్తం తెల్లకణాలనే చూసి ఊరుకోకుండా న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) సంఖ్యను, ప్లేట్‌లెట్లను కూడా చూడమని వైద్యుణ్ణి అడగండి. ఎర్రకణాల సగటు పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ అనే అంకెను కూడా గమనించండి. మందు సక్రమంగా పడుతుంటే కొన్ని నెలల్లో అది పెరుగుతుంది. పెరగలేదంటే మందు మింగడం లేదేమోనని నేను మొదట అనుమానిస్తాను. ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా పిల్లలు పారేసే సంగతి కొన్నిసార్లు అలాగే బయటపడింది.

జవాబు 4 (చంద్రపూర్ వైద్యురాలు మళ్ళీ)

తమ్ముడూ, మీరన్నది నిజం. ఆ వాక్యం నేను అలా రాయకుండా ఉండవలసింది.

జన్యు చికిత్స సంగతి మిగిలింది. క్యాస్జెవీ అనే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి రక్తాన్ని పుట్టించే మూలకణాలను బయటికి తీసి, హెచ్‌బీ ఎఫ్‌ను అణచి ఉంచే బీసీఎల్11ఏ జన్యువు పని తగ్గేలా కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో అనుమతి ఇచ్చేటప్పుడు పరిగణించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పుల దాడి రాలేదు. ఇది చిన్న విజయం కాదు. కానీ 2023లో ఆ అనుమతి 12 ఏళ్ళు నిండినవారికే ఇచ్చారు. అప్పుడు అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. కొత్త కణాలకు చోటు చేయడానికి ముందుగా బుసల్ఫాన్ అనే మందుతో పాత ఎముక మూలుగను ఖాళీ చేయాలి. దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. హైడ్రాక్సీయూరియాను చూసి భయపడి ఆగేవారు దీనికోసం ఎదురుచూడడం నాకు వింతగా అనిపిస్తుంది! కొత్తది వచ్చిందంటే మంచిదే అనీ కాదు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన వాక్సెలోటార్ అనే సికిల్ మందును 2024 సెప్టెంబరులో తయారీదారే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఆ మందు వాడినవారిలో నొప్పుల దాడులు, మరణాలు ఎక్కువగా కనిపించడమే కారణం.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే అక్కతో మాట్లాడాను. మా బావ మందు ఆపించి మూడు వారాలైందట, నాకు చెప్పలేదు. ఇంట్లో మిగిలిన క్యాప్సూళ్ళతో రేపటి నుంచే మొదలుపెట్టవచ్చా?

చంద్రపూర్ వైద్యురాలు

ముందు సీబీసీ చేయించి, ఆ రిపోర్టుతో మొదటి వైద్యుడి దగ్గరికే వెళ్ళండి. మూడు వారాలు ఆపిన సంగతి దాచకండి. పాత రిపోర్టులు కూడా వెంట తీసుకువెళితే ఎంసీవీ ఎటు కదిలిందో ఆయనకు తెలుస్తుంది. ఈలోగా జ్వరం వస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు దవాఖానకు తీసుకువెళ్ళండి.