లక్షన్నర మంది పూర్వ విద్యార్థులు, ఏడుగురి ఆఫీసు: విరాళాల పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త డైరెక్టర్:
అందరికీ నమస్కారం. పదహారేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. నెల క్రితం మా యూనివర్సిటీలో పూర్వ విద్యార్థుల సంబంధాలు, విరాళాల సేకరణ రెండూ కలిపి నా నెత్తిన పెట్టారు. రికార్డుల్లో లక్షన్నర మంది ఉన్నారు. పనిచేసే ఈమెయిల్ ఉన్నవాళ్లు మాత్రం ముప్పై వేలకు మించరు. ఆఫీసులో నాతో కలిపి ఏడుగురం. ఐదుగురు రీయూనియన్లు, ఫంక్షన్లు చూసుకుంటారు. ఒకావిడ రసీదులు రాస్తారు.

వచ్చే స్నాతకోత్సవం రోజున పెద్ద క్యాంపెయిన్ ప్రకటిద్దామని వీసీ గారు అంటున్నారు. ఎంత సేకరించాలో ఆ అంకె కూడా ఆయనే చెప్పేశారు. అదెలా వచ్చిందని అడిగితే, ఇంకో యూనివర్సిటీ ప్రకటించినదానికి ఒకటిన్నర రెట్లట! మొన్న 'మాతృసంస్థ రుణం తీర్చుకోండి' అని అందరికీ ఒక ఈమెయిల్ పంపాం. 41 జవాబులు వచ్చాయి. విరాళాలు ఆరు. మిగిలినవాటిలో సగం తిట్లే. ఒకాయన 'ట్రాన్స్‌క్రిప్ట్ కోసం ఏడు నెలలు తిప్పించుకున్నారు, ఏ రుణమండీ నేను తీర్చాల్సింది?' అని రాశారు. ఆయనకేం రాయాలో ఇప్పటికీ తోచడం లేదు.

ముందు ఏం చేయాలి? ఆ అంకె గురించి వీసీ గారితో ఏమని మాట్లాడాలి? పెద్ద దాతల ఇంటికి వెళ్లి అసలు నోరు తెరిచి ఎలా అడుగుతారు? స్నేహితుణ్ణి చేబదులు అడగడానికే మొహమాటపడే మనిషిని నేను.

పాతకాపు:
ట్రాన్స్‌క్రిప్ట్ ఆయనకేమీ రాయకండి. ఫోన్ చేయండి, ఈరోజే. యూనివర్సిటీ అంటే ఏమీ లేనివాడు ఆ ఈమెయిల్ తెరవకుండానే తీసిపారేస్తాడు. కూర్చుని తిట్టాడంటే ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట. పరీక్షల విభాగం మీ చేతిలో లేదు, నిజమే. బయట నుంచి చూసేవాడికి మాత్రం మీరూ వాళ్లూ ఒకటే గేటు.

ఆ 'రుణం' అన్న మాట ముందు తీసేయండి. ఫీజు కట్టి చదువుకున్నవాడికి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

తర్వాత రసీదులు రాసే ఆవిడ పక్కన ఒక వారం కూర్చోండి. మీ ఆఫీసులో అసలు సంగతులు తెలిసింది ఆవిడకే అయి ఉంటుంది. గత పదేళ్లలో ఇచ్చినవాళ్ల జాబితా తీయించి, ప్రతి పేరుకూ మూడు గడులు పెట్టండి: దేనికోసం ఇచ్చారు, డబ్బు దానికే ఖర్చయిందా, ఆ సంగతి వాళ్లకు ఎవరైనా చెప్పారా. మూడో గడి చాలామటుకు ఖాళీగా ఉంటుంది. రెండో గడిలో ఖాళీలు కనిపిస్తే మాత్రం నిద్ర పట్టదు.

నేను చేరినప్పటి ముచ్చట ఒకటి చెప్తాను. ఒక రిటైర్డ్ ఇంజనీరు తన భార్య పేరు మీద బంగారు పతకానికి నిధి పెట్టారు. నాలుగేళ్లుగా పతకం ఇవ్వలేదు. పేరు సిఫారసు చేయాల్సిన డిపార్ట్‌మెంట్ హెడ్ మారారు, కొత్తాయనకు ఫైల్ చేరలేదు, అంతే. ఆ ఫైల్లో ఆ పెద్దాయన రాసిన నాలుగు ఉత్తరాలున్నాయి. ప్రతిదాని మీదా ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ లేదు. ఆ ఉత్తరాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తిడతారనుకున్నాను. ఆయన లోపలికెళ్లి ఒక ఫోటో ఆల్బమ్ తెచ్చారు. పతకం అందుకున్న పిల్లల ఫోటోలు, పేజీకొకటి, కింద పేరు, సంవత్సరం. చివర నాలుగు పేజీల్లో సంవత్సరాలు రాసి ఉన్నాయి, ఫోటోలు లేవు. ఆయన మళ్లీ డబ్బేమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ నాలుగేళ్ల పతకాలు మాత్రం అదే ఏడు ఇప్పించాం.

పెద్ద చోట్ల ఇదే వ్యవహారం కోర్టుదాకా పోతుంది. 1961లో రాబర్ట్‌సన్ కుటుంబం అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి 35 మిలియన్ డాలర్లు ఇచ్చింది, విద్యార్థుల్ని ప్రభుత్వ ఉద్యోగాలకు తయారుచేయడానికి. డబ్బు ఆ పనికి వాడటం లేదని 2002లో వారసులు దావా వేశారు. 2008 చివర్లో గానీ రాజీ కుదరలేదు. అక్కడే యేల్ యూనివర్సిటీలో ఇంకో రకం. పాశ్చాత్య నాగరికత కోర్సుకని 1991లో ఒక పూర్వ విద్యార్థి ఇచ్చిన 20 మిలియన్ డాలర్లను, ఆ కోర్సు మొదలుపెట్టలేక 1995లో తిరిగిచ్చేశారు. తీసుకునేటప్పుడు కాగితం మీద స్పష్టంగా రాసుకోకపోతే తర్వాత వాళ్లకూ సుఖం లేదు, మనకూ లేదు.

లెక్కలమనిషి:
వీసీ గారి అంకె గురించి. వాదనకు దిగకండి, ఒక పట్టిక గీసి చూపించండి. లక్ష్యం 100 అనుకుందాం. ఒక్క విరాళమే 10 నుంచి 20 దాకా ఉండాలి. దాని కింద 5 చొప్పున కొన్ని, ఆ కింద 2, 1. ఇలా దిగుతూ వస్తే మొత్తంలో పెద్ద భాగం కొద్దిమంది చేతుల్లోంచే వస్తుందని కళ్లకు కనిపిస్తుంది. ఒక్కో విరాళానికి ముగ్గురు నలుగురు ఇవ్వగలిగినవాళ్లు ఉండాలి, అందరూ ఒప్పుకోరు కాబట్టి. ఇప్పుడు పెన్ను వీసీ గారికిచ్చి, పై వరుసలో పేర్లు రాయమనండి. రెండు పేర్ల దగ్గర పెన్ను ఆగిపోతే అంకె సంగతి ఆయనే తేల్చుకుంటారు.

రెండోది, ఎక్కడైనా క్యాంపెయిన్‌కు ముందు గుట్టుగా నడిచే దశ ఒకటుంటుంది. లక్ష్యంలో కనీసం సగానికి దాతల హామీలు వచ్చాకే బయట ప్రకటిస్తారు. స్నాతకోత్సవం వేదిక మీద సున్నాతో మొదలుపెడితే, ఆర్నెల్ల తర్వాత 'ఎంతదాకా వచ్చింది?' అని అడిగేవాళ్లకు మీరే మొహం చాటేయాలి. పెద్ద విరాళం మొదటి పరిచయం నుంచి సంతకం దాకా రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే.

ఇంకోటి. హామీని, చేతికొచ్చిన డబ్బును, వీలునామాలో రాసిన మాటను ఒకే కుప్పలో పోయకండి. శాశ్వత నిధి అయితే అసలు సొమ్ము కదలదు, ఏటా దాదాపు 4-5 శాతమే ఖర్చుకు తీస్తారు. అంటే 100 ఇచ్చిన దాతకు ఏటా కనిపించే పని నాలుగైదు విలువది. ఇది ముందే చెప్పకపోతే 'నా డబ్బంతా ఏమైంది?' అని రెండో ఏడే అడుగుతారు. నాకు ఇది బాగా అనుభవం.

బ్యాచ్ ప్రతినిధి:
అందరూ పెద్ద దాతల మీదే పడ్డారు. నేను ఒప్పుకోను. ఇవాళ మీరు పెద్ద దాత అంటున్న మనిషి ఇరవై ఏళ్ల కిందట చిన్న మొత్తం ఇచ్చి, రసీదు కూడా రాక ఊరుకున్నవాడు కావచ్చు. యేల్ 1890లోనే ఏటేటా చందా అడిగే పూర్వ విద్యార్థుల నిధి పెట్టింది. అంతకుముందే, 1821లో అమెరికాలోనే విలియమ్స్ కాలేజీ ప్రెసిడెంటు కొంతమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వేరే కాలేజీకి వెళ్లిపోతే, కాలేజీ మూతపడుతుందేమోనన్న భయంతో పాతవాళ్లు సంఘం పెట్టుకున్నారు. చందా కోసం కాదు, కాలేజీ ఉండాలని. మీ ఫంక్షన్ల ఐదుగురిలో ఇద్దర్ని బ్యాచ్ ప్రతినిధులతో మాట్లాడటానికి పెట్టండి. ఈమెయిల్ అడ్రసులు మీ సాఫ్ట్‌వేర్‌లో దొరకవు, బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. ఊరికే జాబితా పంపమంటే ఎవరూ పంపరు, ఎందుకో చెప్పి, వాళ్ల అనుమతితో తీసుకోండి.

పాతకాపు:
నిజమే, ఒప్పుకుంటున్నా. అడగడం గురించి చెప్పలేదు కదా.

మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బు మాట ఎత్తకండి. 'క్యాంపస్‌లో మీకు బాగా గుర్తున్న మనిషి ఎవరు?' అని అడిగి నోరు మూసుకోండి. ఒక్కోసారి అది ప్రొఫెసర్ కాదు, లైబ్రరీలో రాత్రి తొమ్మిది దాటినా లైటు ఆర్పకుండా కూర్చున్న అటెండర్ అవుతాడు. దాత దేనికి ఇస్తారో అక్కడే తెలుస్తుంది. అడిగే రోజు వచ్చాక ఇంత మొత్తం, ఈ పనికి, ఇన్నేళ్లలో అని చెప్పండి. 'మీకు తోచినంత' అంటే తోచినంతే వస్తుంది. అంకె చెప్పాక మీరు మాట్లాడకూడదు. నేను మొదటిసారి ఆ నిశ్శబ్దం తట్టుకోలేక 'పోనీ సగమైనా' అనేశాను. సగమే ఇచ్చారు. వీలైతే అప్పటికే ఇచ్చిన క్లాస్‌మేట్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన 'నేను ఇచ్చాను, నువ్వూ ఇవ్వరా' అంటే చెల్లుతుంది. మనం ఆ మాట అనలేం.

ఎవరి డబ్బు వద్దనుకుంటారో కూడా ఇప్పుడే రాసి పాలకమండలి చేత ఒప్పించండి. లిబియా నియంత గద్దాఫీ కొడుకు ఫౌండేషన్ విరాళం వ్యవహారంలో 2011లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డైరెక్టర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. చెక్కు టేబుల్ మీదికొచ్చాక ఎవరికీ 'వద్దు' అనే ధైర్యం ఉండదు.

కొత్త డైరెక్టర్:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ ఆయనతో 26 నిమిషాలు మాట్లాడాను. పదిహేను నిమిషాలు ఆయన, మిగతాది కూడా ఎక్కువ ఆయనే. 'ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే ఏర్పాటు చేయండి, అప్పుడు మళ్లీ ఫోన్ చేయండి' అన్నారు. పరీక్షల విభాగం కంట్రోలర్ దగ్గరికి ఇప్పటికి రెండుసార్లు తిరిగాను.

మూడు గడుల పట్టిక తయారైంది. 212 పేర్లు. రెండో గడిలో 37 ఖాళీలు. పాతకాపు గారూ, మీరన్నట్టే నిద్ర పట్టలేదు. వీసీ గారికి పెన్ను ఇచ్చాను. మూడు పేర్లు రాశారు, వాటిలో ఒకాయన పోయి రెండేళ్లయిందని రసీదుల ఆవిడ చెప్పారు. అంకె ప్రకటన ప్రస్తుతానికి ఆగింది, బ్యానర్ మాత్రం కావాలంటున్నారు.

రేపు మొదటి దాత ఇంటికి వెళ్తున్నాను, స్కాలర్‌షిప్ పెట్టిన ఒక డాక్టరమ్మ. లోగో ఉన్న మగ్గు, శాలువా పట్టుకెళ్లమని మావాళ్లు అంటున్నారు. పట్టుకెళ్లనా?

పాతకాపు:
మగ్గు వద్దండీ, ఆవిడ అల్మారాలో అలాంటివి నాలుగుంటాయి. స్కాలర్‌షిప్ అందుకున్న పిల్ల ఎవరో ఈ సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి కనుక్కోండి. ఆ అమ్మాయి చేత ఒక పేజీ ఉత్తరం రాయించుకెళ్లండి. చేతిరాతతో. మీరు దిద్దకండి.