పక్షవాత పునరావాసంలో ఈఈజీ సంకేతాల ఎంపిక: సలహా కోరుతున్నాను

పక్షవాతం వల్ల చేతి కదలిక కోల్పోయినవారు ఆ చేతిని కదిలించాలని సంకల్పించగానే, తలపై అమర్చిన ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల నమోదు) ఎలక్ట్రోడ్ల ద్వారా ఆ సంకల్పాన్ని గుర్తించి, ముంజేతి కండరాలకు విద్యుత్ ప్రేరణ అందించే పరికరంపై పరిశోధన చేస్తున్నాను. కదలికను ఊహించినప్పుడు 8 నుంచి 13 హెర్ట్జ్‌ల మధ్య ఉండే మ్యూ తరంగాలు (మెదడులో కదలికలకు సంబంధించిన భాగంలో కనిపించే విద్యుత్ తరంగాలు) బలహీనపడటమే దీనికి ఆధారం. అయితే మెదడులో దెబ్బతిన్న వైపు ఈ మార్పు స్పష్టంగా అందడం లేదు. రెండో వైపు సంకేతాన్ని వాడితే గుర్తింపు మెరుగవుతుంది గానీ, కోలుకోవలసిన నాడీ మార్గాలను వదిలి వేరేవాటిని బలపరుస్తామేమోనన్నది నా ఆందోళన. గుర్తింపులో ఖచ్చితత్వం కోసం రోగి కోలుకునే అవకాశాన్ని తగ్గించడం నాకు సమ్మతం కాదు. ఇటువంటప్పుడు దెబ్బతిన్న వైపు సంకేతాన్నే తీసుకుని గుర్తింపు పరిమితిని (సంకల్పంగా లెక్కించడానికి కావలసిన కనీస మార్పును) సడలించడం మేలా, రెండు వైపుల సంకేతాలనూ కలపడం మేలా? ఈ రంగంలో అనుభవమున్న ఇంజనీర్లు, ఫిజియోథెరపిస్టులు దయచేసి వివరించగలరు.